జెండాకు వచ్చిన స్వాతంత్ర్యం

దేశానికి 1947లో స్వాతంత్ర్యం వచ్చిందా రాలేదా అన్న చర్చ మా సిక్కోలులో, అదే శ్రీకాకుళంలో, ఏటా ఆగస్టు రెండో వారంలో టీకొట్ల దగ్గర మొదలై, గ్లాసులు ఖాళీ కాగానే ముగిసిపోతుంది. ఈ చర్చకు ఇక అవసరం లేదని నా నిశ్చితాభిప్రాయం. మనుషుల మాట అటుంచితే, జెండాకు మాత్రం స్వాతంత్ర్యం నిస్సందేహంగా వచ్చింది, అందుకు లిఖితపూర్వకమైన ఆధారాలు కూడా ఉన్నాయి.

2021 డిసెంబరు 30 దాకా మన జాతీయ పతాకం చేతితో వడికి, చేతితో నేసిన గుడ్డకు కట్టుబడి ఉండేది. ఆనాడు నియమావళిని సవరించి పాలియెస్టరునూ, యంత్రం మీద తయారైన గుడ్డనూ అనుమతించడంతో దానికి రాట్నం నుంచి విముక్తి లభించింది. 2022 జూలైలో మరో సవరణ వచ్చి, పౌరుల ఇళ్ల మీది జెండా పొద్దుగూకగానే దిగిపోనక్కరలేదని తేల్చడంతో సూర్యుడి పెత్తనమూ వదిలింది. ఏడు నెలల్లో రెండు సంకెళ్లు తెంచుకున్న పౌరుడు మా జిల్లాలో ఎవరైనా ఉంటే దయచేసి చూపించండి, సన్మానం చేద్దాం.

ఈ సంతోషవార్త ఖాదీకి పేరుపడ్డ మా జిల్లాలోని పొందూరుకు ఎలా చేరిందన్నది కొంచెం వివరంగా చెప్పుకోవలసిన విషయం. ఆ ఊళ్లో కొండపత్తి పీచును వాలుగ చేప దవడ ఎముకకు ఉండే సన్నని పళ్లతో దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, అవి నలగకుండా అరటి దొప్పలో దాచి, రాట్నం మీద వెంట్రుక లాంటి నూలు తీస్తారు. ఈ సన్నదనం సంగతి విని గాంధీ తన కుమారుడు దేవదాసును పంపి చూసి రమ్మన్నారని మావాళ్లు నేటికీ గర్వంగా చెప్పుకొంటారు. జెండా గుడ్డ ముతకదనీ, ఖాదీ జెండా కర్ణాటకలోని హుబ్బళ్లిలో తయారవుతుందనీ, పొందూరు నేత పంచెలకూ చీరలకే గాని జెండాకు పనికిరాదనీ జ్ఞానులు నన్ను సరిదిద్దవచ్చు. సరే, ఒప్పుకొన్నాను. అందుకే వేదిక మీద పని విభజన చక్కగా కుదిరింది: ముఖ్య అతిథి ఒంటి మీద పొందూరు పంచె, ఆయన లాగే తాడు చివర పాలియెస్టరు జెండా. చేనేతను పూర్తిగా వదిలేశామని ఇక ఎవరనగలరు?

అన్నట్టు, విశాఖపట్నం జిల్లా నుంచి విడదీసి మా జిల్లాను ఏర్పాటు చేసినది కూడా ఒక ఆగస్టు 15నే, 1950లో. అంటే ఆ రోజు మాకు రెండు పండుగలు. ఒకటి అందరికీ గుర్తుంటుంది, రెండోది ముఖ్య అతిథి ఉపన్యాసం రాసిపెట్టిన గుమాస్తా గారికి గుర్తుంటే ఉంటుంది.

ఇంతకు మించిన భాగ్యం మా మత్స్యకారులకు దక్కింది. 190 కిలోమీటర్లకు పైబడిన తీరం ఇంటి ముందే ఉన్నా వేట గిట్టుబాటు కాక గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోయి, అక్కడి పడవల మీద కూలికి వెళ్లిన మన ఉత్తరాంధ్ర బిడ్డలను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. నడుమ వచ్చిన 2019 ఆగస్టు 14 ఆ దేశపు స్వాతంత్ర్య దినం, మర్నాడు మనది. రెండు దేశాల స్వేచ్ఛోత్సవాలను వరుసగా రెండు రోజులు కరాచీ జైలులో గడిపిన అనుభవం ఎంతటి నాయకుడికైనా ఉందా? మన్యంలో గర్భిణిని డోలీలో మోసుకుని కొండ దిగేవాళ్ల గురించి ఇక్కడ రాయను. రోడ్డు త్వరలో వస్తుందని చెప్పారు గనక, ఆ త్వరలో గడిచేదాకా ఓపిక పట్టడం పౌరధర్మం.

ఆశ సంగతి ఏమిటని అడుగుతారేమో. మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో జనం కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. అయినా 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి అక్కడి పల్లెలకు తాగునీళ్లిచ్చే పథకం మొదలైంది, పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరుచుకుంది. కారణం తేలక ముందే మందు వచ్చిందని ఒక చమత్కారం నా కలం చివరిదాకా వచ్చింది. కానీ కొళాయి కింద బిందె పెట్టి నిలబడిన మనిషి ముందు ఆ చమత్కారం చెల్లదు గనక కొట్టేశాను.

మొన్న ఇంటింటికీ జెండాలు పంచుతున్నవారి వెంట నేనూ పొందూరులో ఒక అరుగు దాకా వెళ్లాను. రాట్నం ముందు కూర్చున్న ముసలామె జెండా అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, నూలు పరీక్షించే తీరులోనే నలిపి చూసింది.

“ఇదేటి నూలు బావూ?”

“నూలు కాదు మామ్మా, పాలియెస్టరు.”

“అయితే సిరగదా?”

“చిరగదు.”

“అలగైతే మంచిదే. వచ్చే ఏడు కూడా ఇదే సాల్తాది, మళ్లీ రానక్కర్నేదు.”

జెండాను చూరులో భద్రంగా గుచ్చి, తెగిపోయిన పోగును వెతికి పట్టుకుని, వేలి కొసలతో అతికి, ఆమె మళ్లీ రాట్నం తిప్పసాగింది.