‘ష’ వస్తే ‘స’తో సరిపెట్టొద్దు

అంత్యాక్షరిలో ‘ష’ వచ్చిందంటే చాలు, “‘స’తో పాడేయండి, పర్వాలేదు” అంటారు నిర్వాహకులు. ‘ఘ’ వస్తే ‘గ’, ‘ఫ’ వస్తే ‘ప’, ‘ఛ’ వస్తే ‘చ’. ఆట ఆగకూడదనీ, పిల్లలు చిన్నబుచ్చుకోకూడదనీ చేసే సర్దుబాటు. ఉద్దేశం మంచిదే. కానీ దానివల్ల మనం వినకుండా పోగొట్టుకునే పాటలు చాలా ఉన్నాయి. మన సంఘం వేడుకల్లో ఈ అలవాటు మానేద్దామని గట్టిగా అడుగుతున్నాను.

‘ష’నే తీసుకోండి. అన్నమయ్య సంకీర్తనల అకారాది పట్టికలో ఆ అక్షరం దగ్గర ఆగితే “షోడశ కళానిధికి షోడశోపచారములు” కనిపిస్తుంది. పూజలో ఉపచారాలు ఒకటొకటిగా చేస్తున్నట్టే సాగుతుంది పాట. అయితే ఒక్కో ఉపచారం దగ్గర ఒక్కో మెలిక. విశ్వమంతా తానే అయినవాణ్ణి ఆవాహన చేస్తున్నాడు. అన్నిటా ఉండేవాడికి ఆసనం వేస్తున్నాడు. గంగను కన్న తండ్రికి అర్ఘ్యపాద్యాలంటూ నీళ్లిస్తున్నాడు. సముద్రం మీదే పడుకునేవాడికి స్నానం, కోటి సూర్యుల తేజస్సున్నవాడికి దీపం, అమృతం చిలికినవాడికి నైవేద్యం! స్వామికి వీటిలో ఏదీ అక్కర్లేదని తెలుసు, అయినా ప్రేమ కొద్దీ ఇస్తున్నాడు. చివరికి మిగిలేవి ప్రదక్షిణలూ దండాలూ. అవి మాత్రం మెలిక లేకుండా, సూటిగా వెంకటాద్రి మీది దేవుడికే. ఇంత పాటను పక్కన పెట్టి, అందరికీ నోటికి వచ్చిన ‘స’ పాటే మళ్లీ పాడుకుంటున్నాం.

‘ఫ’ దగ్గర “ఫాలనేత్రానల ప్రబల విద్యుల్లతా కేళీవిహార లక్ష్మీనారసింహా” ఉంది. పొడుగాటి సమాసాలతో, నరసింహుడి ఉగ్రమంతా నాలుక మీదికి వచ్చే సంకీర్తన. ‘ఛ’ దగ్గర అదే కవి గొంతు పూర్తిగా మారిపోతుంది: “ఛీ ఛీ నరులదేటి జీవనము”. అడవిలో మృగంగానైనా పుట్టొచ్చు గానీ ఇంకొకళ్లని కొలుస్తూ బతకొచ్చా అని నిలదీస్తాడు. పక్షిగానైనా ఉండొచ్చు గానీ ఎవరినో ఒకరిని వేడుకుంటూ ఉండొచ్చా అంటాడు. చుట్టూ రాజాశ్రయాలున్న కాలం మనిషి అన్న మాటలివి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. రాగిరేకుల మీద దొరికినవి అందులో సగం కూడా లేవు. ఆ దొరికినవాటిలోనూ మనం వేదికల మీద పాడేవి గుప్పెడే.

ఈ అక్షరాలు అరుదు కావడానికి భాషలోనే కారణముంది. ఖ, ఘ, ఛ లాంటి ఒత్తి పలికే అక్షరాలు ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చినవి. అచ్చతెలుగులో అవి మాట మొదట వినిపిస్తే, చాలావరకు అది చప్పుడో ఉద్వేగమో అయి ఉంటుంది: ఘల్లు, ఝుమ్ము, ఢం, ఛీ. అందుకే ‘ఝ’ అనగానే అందరం 1976 నాటి సిరిసిరిమువ్వలోని “ఝుమ్మంది నాదం” ఎత్తుకుంటాం. అటువైపు ‘ఘ’కి 1973లో వచ్చిన భక్త తుకారాంలో “ఘనాఘన సుందరా” ఉంది, ఆ ఎత్తుగడ సంస్కృతపు నడక. ‘య’ సంగతి ఇంకా ఆసక్తికరం. తెలుగు మాటలకు మొదట యకారం లేదని చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో చెప్పాడు. నిజంగానే ‘య’ పాటలు చూడండి: జయభేరి సినిమాలో ఘంటసాల పాడిన “యమునా తీరమున”, త్యాగరాజస్వామి దర్బారు రాగ కృతి “యోచనా కమలలోచన”, జయమనోహరి రాగంలో ఆయనదే “యజ్ఞాదులు సుఖమను”. అన్నీ సంస్కృత పదంతోనే మొదలు. ఆ చివరిదైతే, యజ్ఞయాగాల్లోనే సుఖముందనేవాళ్లను మించిన అజ్ఞానులున్నారా అని మనసును అడిగే కృతి. ఎంత ధైర్యమో!

మన పిల్లల దగ్గర ఇంకో చిక్కుంది. ఫోన్లో పాట వెతకాలంటే వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అక్కడ ద, డ ఒకటే. త, ట ఒకటే. శ, ష ఒకటే. “డోలాయాం చల డోలాయాం” వాళ్లకు వచ్చినా, అది ‘డ’ పాటని గుర్తుకురాదు. పైగా యాప్‌లు ఎక్కువమంది విన్నదాన్నే ముందు చూపిస్తాయి. విన్నదే మళ్లీ వింటాం, దాంతో అదే ఇంకా పైకి వస్తుంది. అకారాది పట్టికకు ఆ పక్షపాతం లేదు. అందులో ఊరూవాడా తెలిసిన పాట పక్కనే ఎవరూ పాడని పాట, ఒకే సైజు అక్షరాల్లో ఉంటుంది. కొత్త పాట దొరకాలంటే నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి దారి లేదు.

ణ, ళ, ఙ, ఞ లకు మాత్రం మినహాయింపు ఉండాల్సిందే. వాటితో మాటే మొదలవదు, పాట అడగడం అన్యాయం. మిగతా అక్షరాలు వదలొద్దు. వేడుకకు రెండు వారాల ముందే నాలుగైదు కష్టమైన అక్షరాలు ప్రకటించి, వాటితో పాడినవాళ్లకు రెట్టింపు మార్కులు ఇద్దాం. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతారు. పిల్లల దగ్గరికని వచ్చి రోజంతా తోచక కూర్చునే అమ్మమ్మలకూ తాతయ్యలకూ గబుక్కున ఒక పల్లవి గుర్తొస్తుంది. పాట దొరికినవాళ్లు పల్లవితో ఆపకుండా ఒక్క చరణమైనా పాడి, దాని అర్థం రెండు ముక్కల్లో చెప్పాలి. ఆట కొంచెం నెమ్మదిస్తుంది, నెమ్మదించనివ్వండి.

మొదటి జాబితాకు నా వంతుగా ష, ఫ, ఖ, ఢ ప్రతిపాదిస్తున్నాను. ‘ఠ’తో తెలుగు పాట వచ్చినవాళ్లెవరైనా ఉంటే, జానపదమైనా సరే, నాటకాల్లోదైనా సరే, ఆ రోజు ముందుగా వాళ్లకే మైకు ఇద్దాం.