బావగారి డ్యూటీ సైకిల్

మా బావ వెల్డింగ్ మెషీన్ కొనడానికి కారణం కోతులు. పాలమూరులో, అందులోనూ ఏనుగొండ వైపు, డాబా మీద వడియాలు ఎండబెట్టే ధైర్యం ఇప్పుడు ఎవరికీ లేదు. మెట్ల తలుపు ఒక్క నిమిషం తెరిచి ఉంటే చాలు, కిందికి దిగొచ్చి ఫ్రిజ్ తీసే స్థాయికి వచ్చాయవి. డాబా వాకిలికి ఇనుప జాలి తలుపు పెట్టించమని అక్క సంక్రాంతి నుంచి అడుగుతోంది. మెట్టుగడ్డ దగ్గర వెల్డింగ్ షాపు నడిపే, మేమంతా తమ్ముడని పిలిచే కుర్రాడు వచ్చి, కొలతలు తీసుకుని, తొమ్మిది వేలు చెప్పాడు. రిటైరైన మనిషికి ఎవరైనా ఒక రేటు చెబితే, అదే పని సొంతంగా చేసుకుంటే ఎంతవుతుందనే లెక్క వెంటనే మొదలవుతుంది. బావకు అతను గేటు దాటకముందే మొదలైంది.

పక్కింట్లో ఉండే రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ సార్ లేకపోతే ఆ లెక్క ఒక్క పూటలో తేలిపోయేది. ఆయన దగ్గర ఒక ప్రీమియం మెషీన్ ఉంది. కొడుకు జర్మనీ నుంచి సెలవుకు వస్తూ తెచ్చాడు. మన డబ్బుల్లో ఎనభై వేల పైమాట. దసరాకు దానికి కుంకుమ బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టారు తప్ప ఇంతవరకు రాడ్డు పెట్టలేదు. అయినా వెల్డింగ్ మీద ఎవరు నోరెత్తినా సార్ 1904 దగ్గర మొదలుపెడతాడు. స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బెర్గ్ ఈసాబ్ కంపెనీ పెట్టడం, ఒట్టి ఇనుప తీగకు మందు పూత వేసి రాడ్డు చేయడం, ఆ పూత కాలి పొగై, కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపాడటం, అన్నీ అయ్యాక గానీ మన కాలానికి రాడు. అప్పటికి టీ రెండోసారి వస్తుంది.

"రేటు కాదండీ, డ్యూటీ సైకిల్ చూడాలి" అన్నాడు సార్. "పది నిమిషాలను లెక్కగా పెట్టుకుంటారు. అరవై శాతం అంటే ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు రెస్టు."

బావ మొహం వెలిగింది. "ముప్పై ఏండ్లు నేను చేసిన నౌకరి గదే గద సార్!"

"చేసింది నాలుగు, రెస్టు ఆరు" అంది వంటింట్లోంచి అక్క.

చివరికి బావ ఆన్‌లైన్‌లో ఆరు వేలకు ఇన్వర్టర్ రకం చిన్న వెల్డింగ్ మెషీన్ తెప్పించాడు. టిఫిన్ క్యారియర్ పట్టుకున్నట్టు ఒంటి చేత్తో పట్టుకుని వీధిలో రెండుసార్లు తిరిగాడు. పాతకాలపు ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్‌ను నలుగురు కలిసి ఎత్తడం చూసిన కళ్లకు అది వింతే మరి. 200 ఆంపుల కరెంటు ఇస్తుందని దాని మీద ఎర్ర అక్షరాలతో ఉంది. డ్యూటీ సైకిల్ ఎంతో మాత్రం డబ్బా మీద లేదు, కాగితంలో లేదు. సార్ వచ్చి కేబుల్ చివరను బ్లేడుతో గీకాడు. పైన ఎర్రగా, లోపల తెల్లగా కనిపించింది. రాగి పూత పూసిన అల్యూమినియం. "చూశారా!" అన్నాడు, రోగం దొరికిన డాక్టరంత సంతోషంగా.

ఇక్కడ నా మాటొకటి చెప్పాలి. నెలకోసారి స్టూలో, పూలకుండీల స్టాండో చేసుకునేవాడికి ఎనభై వేల మెషీన్ దండగే. అందులో ఎక్కువిచ్చినందుకు వచ్చేవి నిజమైన వస్తువులే, కాదనను. రాసిన ఆంపులు నిజంగా ఇస్తుంది, వోల్టేజీ కిందా మీదా పడ్డా మంట నిలబెడుతుంది, రాడ్డు అతుక్కోగానే కరెంటు తగ్గించేస్తుంది. కానీ ఇంట్లో వాడే 12 నంబరు రాడ్డుకు, అంటే రెండున్నర మిల్లీమీటర్లదానికి, 60 నుంచి 90 ఆంపులు సరిపోతాయి. ఆరు వేల మెషీన్ తన మీద రాసుకున్న దాంట్లో సగం ఇచ్చినా పని నడుస్తుంది. మిగిలిన డబ్బును మంచి రాగి కేబుల్‌కు, రాడ్డు పట్టే గట్టి హోల్డరుకు, దానంతటదే నల్లబడే హెల్మెట్‌కు పెట్టుకోవాలి. ఈ మాట నేను బావకూ చెప్పాను. "కేబుల్‌కు పైసలు పెడితే మెషీన్ అగ్గువకు తెచ్చుడెందుకురా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మే నెల ఆదివారం నాడు ముహూర్తం. పొద్దున తొమ్మిదికే డాబా పెనంలా కాలుతోంది. అసలు డ్యూటీ సైకిల్ లెక్కలు కట్టేది 40 డిగ్రీల వేడిలో. మన దగ్గర మే నెలలో ఆ 40 నీడకే చాలదు, ఎండ సంగతి చెప్పేదేముంది. బావ కింది గదిలోని సాకెట్ నుంచి మెట్ల మీదుగా ముప్పై మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు లాగాడు. పెళ్లిళ్లలో సీరియల్ బల్బులకు వాడిన సన్న వైరు అది. పక్క డాబా మీద సార్ కుర్చీ వేసుకుని, తన మెషీన్‌తో పాటు వచ్చిన ఖరీదైన హెల్మెట్ పెట్టుకుని, చూడటానికి కూర్చున్నాడు. ఆ ఎనభై వేలలో అప్పటిదాకా పనికొచ్చింది ఆ హెల్మెట్టొక్కటే.

మొదట కరెంటు నాబ్ ఎక్కువ పెడితే పైపుకు బొక్క పడింది. తగ్గిస్తే రాడ్డు అతుక్కుంది. బావ దాన్ని పీకుతుంటే తలుపు రెక్క మొత్తం చేతిలోకి వచ్చింది గానీ రాడ్డు రాలేదు. మెషీన్ మీద 'యాంటీ స్టిక్' అని కూడా ఎర్రక్షరాలతోనే రాసి ఉంది. కాసేపటికి వేడెక్కి పసుపు లైటు వెలిగి, ఫ్యాను మాత్రం తిరుగుతూ, మెషీన్ రెస్టు తీసుకుంది. దాంతోపాటు బావ కూడా మజ్జిగ తాగాడు. మళ్లీ లైటు, మళ్లీ మజ్జిగ. మధ్యాహ్నానికల్లా మెషీన్ కంటే బావే నమ్మకంగా డ్యూటీ సైకిల్ పాటిస్తున్నాడు.

సార్ పక్క డాబా నుంచి పాఠం చెబుతూనే ఉన్నాడు. "పోనూ రానూ అరవై మీటర్ల తీగండీ. దాని నిరోధమే ఒక ఓమ్ పైన ఉంటుంది. మీ మెషీన్ పదిహేను ఆంపులు లాగితే పదహారు వోల్టులు ఆ వైరే తినేస్తుంది!" వీధిలో బోరు మోటార్లు నడిచే టైము. వచ్చేదే అంతంతమాత్రం, అందులోంచి ఇది కోత. తలుపు బందులు మూడూ బావ ఆ కరెంటుతోనే వేశాడు. పైన గట్టిపడిన చిట్టెం కొట్టి చూస్తే అతుకు పూస ఇనుముకు పట్టలేదు, ఊరికే పైన కూర్చుంది. అయినా తలుపు నిలబడింది. అక్క హారతి పళ్లెం ఒక్కటి తేలేదు, అంతే తక్కువ.

మిగిలింది గడియ. బావ డాబా వైపు నిలబడి, తలుపు మూసి, కొలత తప్పకుండా గడియను చౌకట్టు రంధ్రంలోకి తోసి, దాని గొట్టాన్ని రెక్కకు అతికించడం మొదలుపెట్టాడు. పద్ధతి సరైనదే. కానీ మంట నీరసంగా ఉందని నాబ్‌ను చివరిదాకా తిప్పేశాడు. సరిగ్గా అప్పుడే వీధిలో మోటార్లు బంద్ అయ్యాయి. పొద్దుటి నుంచి రాని వోల్టేజీ అంతా ఒక్కసారే వచ్చింది. మెషీన్ గుర్రుమంది. సార్ లేచి నిలబడ్డాడు. పొగ తగ్గాక చూస్తే గడియ, గొట్టం, చౌకట్టు మూడూ కలిసి ఒకే ముద్ద.

బావ డాబా మీద. మేము మెట్ల మీద. మధ్యలో జాలి.

"గ్రైండర్ ఇయ్యిరా" అన్నాడు బావ. ఇనుము కోసే ఆ గ్రైండర్ నా చేతిలోనే ఉంది, పంపే దారే లేదు. పక్క డాబా నుంచి విసిరేంత తేలికదీ కాదు. కోతి చెయ్యి కూడా పట్టకూడదని అక్క ఏరి కోరి తెచ్చిన జాలి. తలుపు కింద సందులో వైరు పడుతుంది, అంతే. అక్క దోసెలు సన్నగా చుట్టి ఆ కన్నాల్లోంచి ఒక్కొక్కటే తోసింది. చట్నీ మాత్రం పంపలేకపోయింది. వాటర్ ట్యాంకు మీద అప్పటికే రెండు కోతులు చేరాయి. ఒకటి ఒక దోసె తీసుకుంది. బావ అడ్డు చెప్పలేదు.

సార్‌కు తన టైమొచ్చిందనిపించింది. ఎక్కువ ఆంపులతో రాడ్డు పెడితే సన్న ఇనుము తెగిపోతుందని, తన మెషీన్ ఆ పని అలవోకగా చేస్తుందని ప్రకటించి, దాన్ని నిమ్మకాయతో సహా పైకి మోయించాడు. పిట్టగోడ మీద నుంచి కేబుల్ విసిరాడు. అన్నీ సిద్ధమయ్యాక తెలిసింది, దాని గుండ్రటి లావు ప్లగ్గు మన సాకెట్లో పట్టదని. "ఇన్ని రోజుల నుంచి ఒక్కసారి కూడ పెట్టి చూడలేదా సార్?" అని అడిగింది అక్క. సార్ హెల్మెట్ కిందికి దించుకున్నాడు.

చివరికి మెట్టుగడ్డ తమ్ముడికే ఫోన్ చేశాం. అతను మెషీన్ తేలేదు, గడ్డపార తెచ్చాడు. గడియ దగ్గర సందులో పెట్టి ఒక్క ఎత్తు ఎత్తాడు. టప్ టప్ టప్‌మని బందులు మూడూ ఊడి, తలుపు గడియను పట్టుకుని అటువైపు తెరుచుకుంది. బావ బయటపడ్డాడు. తమ్ముడు వంగి ఆ ముద్దను వేలితో తడిమి చూశాడు.

"బందులు ఎవరేసిన్రో గానీ సార్, గడియ మాత్రం పనోడేసిండు."

బావ నావైపు చూశాడు. నేను అక్కవైపు చూశాను.

తర్వాత పని అతనే చేశాడు, బావ మెషీన్‌తోనే. సీరియల్ బల్బుల వైరు పక్కన పడేసి, బండిలోంచి తన లావు వైరు, తన రాగి కేబుల్, తన హోల్డరు తెచ్చుకుని, కింద ఏసీ సాకెట్లో పెట్టాడు. మూడు బందులూ మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేలోపు అయిపోయాయి. పసుపు లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. బావకు అది నమ్మకద్రోహంలా అనిపించినట్టుంది, మెషీన్‌ను కాసేపు గుర్రుగా చూశాడు.

"చిన్న పనులకు మంచిగున్నది సార్. మీకెట్లా అవసరం లేదు, నాకిస్తరా? అయిదు వేలిస్త" అన్నాడు తమ్ముడు.

"ఎనిమిది" అన్నాడు బావ.

"కొత్తదే ఆరు వేలాయె గద సార్!"

"కొత్తదానికి అనుభవం ఉంటదా?" అన్నాడు బావ.