పంపు పంపకాల ట్రిబ్యునల్

వంశధార నీళ్లలో ఒడిశాకెంత, ఆంధ్రాకెంత అని తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేస్తే, తీర్పు 2017లో వచ్చింది. ఏడేళ్లు. గుణుపూర్ నుంచి కాశీనగరం దాకా ఏటి వెంబడి సైకిళ్లు తొక్కుదామని బయల్దేరే ఆరుగురు మిత్రుల్లో గాలిపంపు ఎవరు తేవాలో తేల్చడానికి ఆ ఏడేళ్లూ చాలవు. "వాడు తెస్తాడనుకున్నా" అన్నది ఆరుగురి ఏకగ్రీవ తీర్పు.

తక్కినవేవీ మర్చిపోరు. చేతితొడుగులు, నల్లద్దాలు, తల మీద కెమెరా, అది మొరాయిస్తే ఇంకో కెమెరా. మే నెలలో తెల్లారగట్ల ఐదింటికి కదిలి తొమ్మిదికల్లా నీడ పట్టాలని, తొక్కినంతసేపూ గంటకి ముప్పావు లీటరైనా నీళ్లు తాగాలని ఏటి ఒడ్డున మేకలు కాసే గుంటడిక్కూడా తెలుసు. వీళ్లు తొమ్మిదింటికి గ్రూప్ ఫొటో దిగి బయల్దేరతారు.

పదిన్నరకి తుమ్మముల్లు తన డ్యూటీ తాను చేస్తుంది. అరవై వేల సైకిలు, బొటనవేలంత టైరు, బుస్సు. ఒకాయన సంచిలోంచి ప్యాచ్‌ల డబ్బా తీస్తాడు. చప్పట్లు. సొల్యూషన్ ట్యూబు ఎంత నొక్కినా చుక్క రాదు. మూత ఒకసారి తీశాక అది మెల్లగా ఎండిపోతుంది, ఆయన తీసింది కిందటి సంక్రాంతికి.

ఇక ఊరి మొదట్లో మోటారుసైకిళ్ల పంచర్ల షాపు. అసలు కచేరీ ఇక్కడే. కంప్రెసర్ పైపు మూతి మోటారుసైకిలు వాల్వుకి తగ్గట్టు లావు. దొరగారిది సన్నపాటి ప్రెస్టా వాల్వు. దాని నెత్తినున్న బుల్లి నట్టు వదులు చేస్తే తప్ప గాలి లోపలికి పోదని దొరగారికే తెలీదు. పైపు పెట్టి అదుముతాడు. పిన్ను వంగుతుంది.

"కొత్త ట్యూబిచ్చెయ్ తాతా!"

తాత దగ్గరున్నవి పాలవాళ్ల సైకిళ్ల ట్యూబులు. వాటి వాల్వు కాడ దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు, ఈ రిమ్ము కంత ఆరున్నర. అప్పుడు ఇంజినీరింగ్ చదివిన మిత్రుడు గొంతు సవరించుకుని, డ్రిల్లు ఉందా అని అడుగుతాడు. కంత పెద్దది చేద్దామట! రెండోవాడు కెమెరా సర్దుకుంటాడు. మూడోవాడు రైలు ఎన్నింటికని వాకబు చేస్తాడు.

"ఎందుకు బాబూ, ఉన్నదానికే అతుకేసేద్దుం" అంటాడు తాత. బేసిన్లో నీళ్లు, బుడగలు, గరుకు కాయితంతో గీకుడు, సొల్యూషన్ పూసి తడారేదాకా ఆగడం. తడి మీద అంటిస్తే అతుకు నిలవదు. ఆ ఐదు నిమిషాలూ ఆరుగురూ వాచీలు చూసుకుంటారు. "టైరు లోపల గుడ్డెట్టి తుడవాల బాబూ, ముల్లుండిపోతాది" అంటే, "టైం లేదు, ఎక్కించెయ్." తాత వంగిన పిన్ను గోటితో సరిచేసి, బీడీల డబ్బాలోంచి ఇత్తడి బిళ్ల తీస్తాడు. అడాప్టరు, సన్న వాల్వుకి లావు పైపు పట్టేలా చేసేది. లోగడ ఇలాంటి బృందమే మర్చిపోయి పోయింది.

గాలి ఎక్కింది. యాభై రూపాయలు.

"ముప్పై చేస్కో తాతా."

షోరూములో అరవై వేలు పోసినప్పుడు పెగలని నోరు, ఎండలో గొంతుక్కూర్చుని ముప్పావుగంట పనిచేసిన ముసలాడి ముందు ఎలా లేస్తుందిరా మీకు? మిగుల్చుకోజూసే ఆ ఇరవైతో ఏం కొంటారు? పైగా పోతూ పోతూ ఖాళీ సీసాలు ఏట్లోకి గిరాటేస్తారు. ఇసకలో చలమ తీసి, బిందె నిండేదాకా గంట కూర్చునే ఆడవాళ్లు వందడుగుల దూరంలో ఉంటారు. వాళ్లనీ వీడియో తీస్తారు, ప్రకృతి ఒడిలో జీవనం అని పేరెట్టి. థూ!

తాత నలభై పుచ్చుకుంటాడు. బృందం కాశీనగరం వైపు కదులుతుంది, టైర్లో ముల్లు టైర్లోనే.

తాత ఇత్తడి బిళ్లని డబ్బాలో పెట్టడు. కంప్రెసర్ మీదే ఉంచుతాడు.