కానిస్టర్ ఫిల్టర్ కొనేటప్పుడు పెట్టె మీది అంకెను నమ్మకండి

పెద్ద అక్వేరియానికి కానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట ఉండి, పైపులతో నీటిని లాగి వడకట్టి తిరిగి పంపే మూసిన డబ్బా) కావాలని అడిగితే, మన హైదరాబాదులో చాలా దుకాణాల్లో ముందుగా చూపించేది పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన "గంటకు 2000 లీటర్లు" అన్న అంకెనే. కొనేవారు కూడా ఆ అంకెను తమ తొట్టి కొలతతో భాగించి, నీరు గంటకు మూడుసార్లు తిరుగుతుందని లెక్క చూసుకుని, తృప్తిగా డబ్బు కట్టి వస్తున్నారు. ఈ పద్ధతి మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది.

ఆ అంకె సాధారణంగా డబ్బా ఖాళీగా, పంపుకు ఏ అడ్డూ లేకుండా ఉన్నప్పటిది. లోపల స్పాంజి, సిరామిక్ రింగులు నింపి, పైపును రెండు మూడు చోట్ల వంచి, కొన్ని వారాల మురికి పట్టనిస్తే వచ్చే ప్రవాహం వేరు. నమ్మకం లేనివారు బయటికి వచ్చే పైపును 10 లీటర్ల బకెట్టులో పెట్టి గడియారం చూడండి. బకెట్టు నిండడానికి 30 సెకన్లు పడితే మీకు అందుతున్నది గంటకు 1200 లీటర్లు మాత్రమే.

అయినా ప్రవాహం రెండో విషయం. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గానూ, దాన్ని నైట్రేట్‌గానూ మార్చేది పంపు కాదు, మీడియా మీద, అంటే లోపల నింపే ఆ స్పాంజి, రింగుల మీద పెరిగే బాక్టీరియా. కాబట్టి దుకాణంలో మొదట అడగవలసిన ప్రశ్న లోపల మీడియాకు ఎన్ని లీటర్ల చోటుందని. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 680 లీటర్లు పడతాయి. అందులో ఆస్కార్ల వంటి తిండిపోతు చేపలుంటే ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం వస్తుంది. మన బోరు నీటిలో పీహెచ్ ఎక్కువగా ఉన్న ఇళ్లలో అదే మోతాదు అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది, రోహిణి కార్తె ఎండలకు నీరు వేడెక్కితే ఇంకా ఎక్కువ. వేడి నీటిలో ఆక్సిజన్ కూడా తక్కువగా కరుగుతుంది.

జర్మనీకి చెందిన ఎహైమ్ సంస్థ క్లాసిక్ 2217 పెట్టె మీద కనిపించేది గంటకు 1000 లీటర్లే. చూడగానే చిన్నదనిపిస్తుంది, కానీ దాని లోపల సుమారు 6 లీటర్ల చోటుంది, అది వాడే విద్యుత్తు 20 వాట్లు. పెద్ద తొట్టికి ఒకే రాక్షస యంత్రం కన్నా ఇటువంటివి రెండు పెట్టడమే మేలని నా అభిప్రాయం. రెండూ కలిసి రోజంతా నడిచినా ఒక యూనిట్ కూడా కాలదు. ఒకటి మొరాయిస్తే రెండోది చేపలను కాపాడుతుంది. శుభ్రం చేయడం కూడా ఈ నెల ఒకటి, వచ్చే నెల మరొకటిగా సాగితే బాక్టీరియా అంతా ఒకేసారి దెబ్బతినదు. ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ తొట్టికీ, స్టాండుకూ, పైన పెట్టే దీపాలకూ వెనకాడని వారు ఇక్కడే బేరమాడటం నాకు విడ్డూరంగా తోస్తుంది.

శుభ్రం చేయడమంటే మీడియాను మంజీరా కుళాయి కింద పట్టి తోమడం కాదు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ బాక్టీరియానే చంపుతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే జాడించాలి.

ఇక కరెంటు సంగతి. కానిస్టర్ మూతపడిన డబ్బా. పంపు ఆగితే లోపలి బాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను వాడేసి, కొన్ని గంటల్లో చావడం మొదలుపెడుతుంది. వేసవి గాలివానకు లైను తెగి రాత్రంతా సరఫరా లేకపోతే, తెల్లవారి దానంతట అదే మొదలయ్యే ఫిల్టర్ ఆ కుళ్లిన నీటిని తొట్టిలోకి తోస్తుంది. అటువంటప్పుడు ముందు డబ్బా విప్పి, లోపలి నీరు పారబోసి, మీడియాను జాడించిన తరువాతే నడపాలి. 20 వాట్ల పంపును ఇంటి ఇన్వర్టర్ సులువుగా మోస్తుంది, అయితే అది ప్యూర్ సైన్ వేవ్ రకమైతేనే, అంటే లైను కరెంటులాగే నున్నని అలగా కరెంటు ఇచ్చేదైతేనే నయం. చతురస్రాకారపు అలగా ఇచ్చే స్క్వేర్ వేవ్ మీద ఈ పంపులు మూలుగుతూ వేడెక్కుతాయి.

చివరిగా విడిభాగాలు. కఠినమైన బోరు నీటికి ఇంపెల్లర్ (పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రం) చుట్టూ సున్నం పేరుకుంటుంది, మూత చుట్టూ ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు వలయం కాలక్రమంలో బిరుసెక్కి నీరు కారుతుంది. అది కారేది అపార్ట్‌మెంటులో మన హాలులోకే. ఇంపెల్లర్, ఓ-రింగ్ విడిగా తెప్పించి ఇస్తారా అని అడిగినప్పుడు దుకాణదారు మాట దాటవేస్తే, ఎంత తగ్గింపు ఇచ్చినా ఆ ఫిల్టర్ నేను కొనను.