ఆడలేనివాడు మద్దెలకి రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ పట్టర్ గారికి (గోల్ఫ్‌లో బాల్‌ని మెల్లగా హోల్‌లోకి దొర్లించే కర్ర గారికి),

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి గానీ పోయిన శనివారం ఆఖరి గుంట, అదే 18వ హోల్ మీద తమరు నాకు చేసిన మర్యాద తర్వాత ఆ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు. తమరు మాత్రం క్షేమమే, నాకు తెలుసు. మిగతా 13 కర్రలూ గ్యారేజ్‌లో బ్యాగ్‌లో ఒకదాన్నొకటి పొడుచుకుంటూ పడుంటే, తమరు వెల్వెట్ లైనింగ్ ఉన్న కవర్‌లో తల పెట్టుకుని ఇంట్లో ఏసీలో షూ ర్యాక్ పక్కన కొత్త అల్లుడిలా నిలబడున్నారు కదా.

సరే, గారు గీరు ఇక్కడితో ఆపేస్తా. నువ్వు పెట్టిన మంటకి అంత మర్యాద ఎక్కువ.

ముందు ఆ మూడడుగుల సంగతి తేల్చుకుందాం. మేం నలుగురం, ఓడినవాడు బిర్యానీ పెట్టించాలి, ఆ పట్, అంటే నీతో బాల్‌ని హోల్‌లోకి దొర్లించే ఆ దెబ్బ, పడితే నేను బయటపడతా. గిమ్మీ, అంటే వెయ్యకుండానే వేసినట్టు లెక్క, ఇచ్చేస్తారేమో అని బాల్ దగ్గరికి కాస్త నెమ్మదిగా, కాస్త దీనంగా నడిచా. ఒక్కడూ నోరు మెదపలేదు. ఆఖరికి ఒకడు "వెయ్యి బావా, చూద్దాం" అన్నాడు, ఆ చూద్దాంలో ఎంత విషం ఉందో వాడికీ నాకూ తెలుసు. వేశా. బాల్ వెళ్ళింది, హోల్ అంచు పట్టుకుని గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు ముప్పావు వంతు తిరిగింది, లోపలికెళ్ళి దేవుణ్ణి చూడకుండానే బయటికొచ్చి నా బూటు ముందు ఆగింది. హోల్ వెడల్పు 4.25 అంగుళాలు, బాల్ వెడల్పు 1.68. రెండు బాల్స్ పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అందులో ఒక్కదాన్ని వెయ్యలేకపోయాం మనిద్దరం. ఆ రోజు బిర్యానీకి అయిన 94 డాలర్లు నీ ఖాతాలోనే రాశా.

పరువు కాపాడుకోవడానికి ఆ రాత్రి వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టా. 1970 బ్రిటిష్ ఓపెన్‌లో, సెయింట్ ఆండ్రూస్‌లో, డగ్ శాండర్స్ అనే ప్రొఫెషనల్ గోల్ఫర్ కూడా ఆఖరి హోల్ మీద గెలుపు పట్ ఇంచుమించు మూడడుగులదే వదిలేశాడు, మర్నాడు ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్ చేతిలో ఓడిపోయాడు అని. "అవును బావా, ఆయన నిక్లాస్‌కి ఓడాడు, నువ్వు మా సుబ్బుగాడికి ఓడావు" అని రిప్లై వచ్చింది. నోటిఫికేషన్స్ మ్యూట్ చేశా.

అసలు నువ్వు ఈ ఇంటికి ఎలా వచ్చావో గుర్తుందా? నువ్వు నాలుగోదానివి. మొదటిది బాక్స్ సెట్‌తో ఫ్రీగా వచ్చింది, దానికి వంద తిట్లు తిట్టి పక్కన పెట్టా. రెండోది టీవీలో ఎవరో అలాంటిదాన్ని ముద్దు పెట్టుకున్నారని కొన్నా. మూడోది 2025 జూన్ పుణ్యం. గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా వాళ్ళు 2022లో హెడ్ ఆఫీస్ ఫ్లోరిడా నుంచి మా ఊరికే మార్చేశారు కదా, వాళ్ళ కోర్స్‌లోనే ఆ జూన్‌లో విమెన్స్ పీజీఏ టోర్నమెంట్ జరిగింది, ఎండలో గాలిలో నిలబడి చూశాం. మిన్‌జీ లీ ఇంత పొడుగు బ్రూమ్‌స్టిక్ పట్టర్‌తో గెలిచేసింది, ఆవిడకి మూడో మేజర్, అంటే అతి పెద్ద టోర్నమెంట్లలో మూడో గెలుపు. ఆ సోమవారానికి మా గుమ్మంలోకి పొడుగు డబ్బా ఒకటి దిగింది. గడకర్రని గుండెకి ఆనించి కొట్టడం 2016 జనవరి 1 నుంచి రూల్స్‌లో నిషేధం, ఆ ముక్క నాకు డబ్బా విప్పాక తెలిసింది, ఆనించకుండా దాన్ని ఊపడం ఒక విద్య అని అటక మీదికి ఎక్కించాక తెలిసింది. అమ్మ తెనాలి నుంచి వచ్చిన కొత్తలో దాన్ని చూసి, సాలెగూళ్ళు దులపడానికి కొన్నానేమో అనుకుని కొసకి గుడ్డ కట్టేసింది. ఇప్పటికీ ఆ గుడ్డ దానికే ఉంది. ఆ పనిలో మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తోంది.

ఆ తర్వాత నువ్వు. 449 డాలర్లు ప్లస్ ట్యాక్స్. మా ఆవిడకి 149 అని చెప్పా, ఈ ఉత్తరం బయటికి పోతే మనిద్దరికీ షూ ర్యాక్ పక్కనే పడక.

నీ మీద నాకున్న మొదటి ఫిర్యాదు నీ పొడుగు. షాపులో గోడకి 35 అంగుళాలతో నిలబడ్డావు, నేను 5 అడుగుల 6 అంగుళాల మనిషిని, చేతిలోకి తీసుకుని రెండు సార్లు ఊపి "సూపర్ బ్యాలెన్స్" అన్నా. దేని బ్యాలెన్సో నన్నడక్కు. మా చిన్నప్పుడు పెరిగే పిల్లాడు కదా అని నిక్కర్లు రెండు సైజులు పెద్దవి కుట్టించేవాళ్ళు, 43 ఏళ్ళ వయసులో నేను నిన్ను అలాగే కొన్నా, ఇంకా పెరుగుతానేమో అన్నట్టు. అమ్మకి ఈ సంగతి చెప్తే ఆవిడ నవ్వలేదు, నిజంగా ఆశ్చర్యపోయింది. "మీ తాతయ్య చేతికర్రకి కూడా వడ్రంగి ఇంటికొచ్చి, ఆయన్ని నిలబెట్టి మణికట్టు దగ్గర్నుంచి నేలదాకా తాడుతో కొలిచి చేశాడురా, ఇన్ని డాలర్లు పోసి కొలతిచ్చుకోకుండా కొన్నావా?" అంది. తాతయ్య ఆ కర్రతో కుక్కల్ని అదిలించడం తప్ప ఏ టోర్నమెంటూ ఆడలేదు మరి.

దాంతో రోషమొచ్చి ఫిట్టింగ్‌కి, అంటే కర్రని మనిషి కొలతకి సరిచేయించడానికి, వెళ్ళాం, నువ్వూ నేనూ. ఫిట్టర్ పెద్దాయన, అసలు సిసలు టెక్సస్ మనిషి, మాటలు తక్కువ. ముందు కింద ఒక బాల్ పెట్టి నన్ను మామూలుగా నిలబడమన్నాడు. ఇంకో బాల్ నా రెండు కళ్ళ మధ్య, ముక్కు మొదట్లో పెట్టి వదలమన్నాడు. అది కింద ఉన్న బాల్ మీద పడాలి, పోనీ ఒక అంగుళం లోపలికి పడినా పర్లేదు. నాది దాదాపు నాలుగంగుళాలు ఇవతల, బూటు దగ్గర పడింది. అంటే నువ్వు పొడుగెక్కువై నన్ను బాల్‌కి దూరంగా నెట్టేశావు, నేను బాల్ పోవాల్సిన లైన్‌ని పై నుంచి కాకుండా పక్క నుంచి చూస్తున్నా, హోల్ ఎక్కడుందో నా కళ్ళు నాకు రోజూ అబద్ధం చెప్తున్నాయి. ఆ తర్వాత నీ కింద ఒక విజిటింగ్ కార్డు తోశాడు. నీ ముక్కు వైపు, అదే టో, గాల్లో లేచి ఉంది, కార్డు సాఫీగా దూరిపోయింది. బాల్ తగిలిన మచ్చలన్నీ నీ మడమ వైపే, అంటే నాకు దగ్గరి వైపే ఉన్నాయి, మధ్యలో తగలకపోతే వేగం చచ్చిపోతుంది, అందుకే నా లాంగ్ పట్స్ అన్నీ సగంలో అలిసిపోయి కూర్చునేవి.

చిన్నప్పట్నుంచీ "ఆడలేక మద్దెల ఓడు" అని తిట్లు తింటూ పెరిగినవాణ్ణి నేను. ఆ రోజు మొదటిసారి ఒక నిపుణుడు మద్దెల నిజంగానే ఓడు అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చేతిపట్టు, అదే గ్రిప్, కోసి తీసేసి, ప్లంబర్ పైపు కోసినట్టు షాఫ్ట్ కడ్డీ మీద కట్టర్ తిప్పి రెండంగుళాలు తీసేశాడు. పొట్టి చేస్తే తల తేలికైనట్టు అనిపిస్తుందట, అందుకని నీ అడుగున ఉన్న రెండు స్క్రూలూ మార్చి బరువైనవి వేశాడు. కొంచెం లావు గ్రిప్ ఎక్కించాడు. అన్నీ కలిపి 60 డాలర్లు. ముక్కు నేలకి ఆనింది, పై నుంచి వదిలిన బాల్ కింద ఉన్న బాల్ పక్కనే పడింది. నాలుగు పట్టర్లు కొన్నా గానీ ఈ 60 డాలర్లు ముందు పెట్టాలని ఒక్కసారీ తట్టలేదు, ఎందుకంటే ఫిట్టింగ్‌లో డబ్బా విప్పే సరదా ఉండదు కదా.

వెళ్ళేముందు ఆయన్ని ఆశగా అడిగా, ఇక పడతాయి కదా అని. ఆయన కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. పదడుగుల పట్‌కి నీ ఫేస్, అదే బాల్‌కి తగిలే మొహం, ఒక్క డిగ్రీ తిరిగి ఉంటే బాల్ రెండంగుళాలు పక్కకి పోతుంది, అంటే మధ్యకి గురిపెట్టినది హోల్ అంచుకి పోతుంది. నేను ఒకసారి రెండు డిగ్రీలు ఇటు, ఒకసారి మూడు డిగ్రీలు అటు తిప్పుతున్నా. మూడడుగుల నుంచి తిన్నగా ఉన్న పట్ మిస్ అవ్వాలంటే మూడు డిగ్రీల పైనే తిప్పాలి, అంటే శనివారం నేను చేసింది చిన్న పని కాదు. "పట్టర్ ఇప్పుడు నీకు సరిపోయింది, మిగతాది నీది" అన్నాడు ఆయన, ఇంగ్లీష్‌లో, చాలా మెత్తగా.

అదిగో, నా అసలు ఫిర్యాదు అక్కడ మొదలైంది. నువ్వు 35 అంగుళాలు ఉన్నన్నాళ్ళు మన సంసారం బాగుండేది. పడితే నా గొప్ప, పడకపోతే నీ తప్పు. 33 అయ్యాక నాకు తిట్టడానికి ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు.

పార్ 72 కోర్స్, అంటే 18 హోల్స్‌నీ 72 దెబ్బల్లో ముగించాల్సిన కోర్స్ అంటే, అందులో 36 పట్స్‌కే లెక్క, హోల్ చుట్టూ నున్నగా ఉండే ఒక్కో గ్రీన్‌కి రెండు చొప్పున. దూరం బాదే కర్ర డ్రైవర్‌ని ఎంత తీసినా 14 సార్లు. అయినా ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్ళి పెద్ద బుట్టడు బాల్స్ డ్రైవర్‌తోనే బాది, చెమట తుడుచుకుని, ప్రాక్టీస్ గ్రీన్ పక్క నుంచే నడిచి కార్ ఎక్కేవాణ్ణి. మా ఊళ్ళో రాత్రి పూట లైట్లేసిన పెద్ద పట్టింగ్ కోర్స్ కూడా ఉంది, అక్కడికి చుట్టాలొస్తే ఫొటోలు తీయించడానికి వెళ్తా. తిరుపతిలో పుట్టి కొండెక్కనివాళ్ళు ఉంటారే, ఆ బాపతు.

ఇప్పుడు రోజూ రాత్రి పది నిమిషాలు. హాల్లో కార్పెట్ మీద ఒక స్టీల్ స్కేలు, దాని మీద బాల్ పెట్టి కొడితే పక్కకి పడకుండా చివరిదాకా పోవాలి. మొదటి రోజు ఇరవైలో ఆరే చివరిదాకా పోయాయి. తర్వాత రెండు స్టీల్ గ్లాసులు అటూ ఇటూ పెట్టి, మధ్యలో నీ తల పట్టేంత సందు వదిలి ఊపడం. టైగర్ వుడ్స్ రెండు టీలు, అంటే బాల్ నిలబెట్టే చిన్న పుల్లలు, గుచ్చి ఇదే చేస్తాడు, ఆయన ఇంట్లో గ్లాసులు కడిగి పెట్టమనేవాళ్ళు లేరనుకుంటా. తగిలినప్పుడల్లా టింగ్ అంటుంది. కార్‌స్టన్ సోల్‌హైమ్ అని జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీర్ ఒకాయన ఉండేవాడు, పట్స్ పడట్లేదని ఆయనకీ పట్టర్ మీదే అనుమానమొచ్చింది. 1959లో గ్యారేజ్‌లో సొంతంగా ఒకటి చేశాడు, బాల్ తగిలితే పింగ్ అని మోగేది, ఆ చప్పుడే కంపెనీ పేరైపోయింది. తర్వాత 1966లో ఒక రికార్డు అట్ట మీద బొమ్మ గీసుకుని, బరువంతా మడమకీ ముక్కుకీ పంచి, పక్కన తగిలినా తల తిరగకుండా ఇంకోటి చేశాడు. దానికి ఆన్సర్ (Answer) అని పేరు పెడదామంటే అక్షరాలు పట్టట్లేదు, డబ్ల్యూ తీసెయ్యమని వాళ్ళావిడ చెప్పింది. ఈ రోజుకీ సన్న తల ఉన్న బ్లేడ్ పట్టర్లు చాలావరకు దాని పోలికే. ఆయనా ఇంజనీరే, నేనూ ఇంజనీరే, అనుమానమొస్తే ఆయన గ్యారేజ్‌లోకి వెళ్ళాడు, నేను కార్ట్‌లో యాడ్ చేశా.

పదో రోజు అమ్మ సీరియల్ చూస్తూ యాడ్స్ మధ్యలో నన్ను చూసింది. "కొట్టగానే తలెత్తుతావేంట్రా?" అంది. ఎటు పోతోందో చూడొద్దా అన్నా. "గోలీలాడినప్పుడు గుంటలో పడిందో లేదో చప్పుడే చెప్పేది కదా, చూసేదేముంది" అంది. యాడ్స్ అయిపోయాయి, మళ్ళీ సీరియల్‌లోకి వెళ్ళిపోయింది. ఫిట్టర్ గారి కెమెరా కూడా ఈ మాట చెప్పే ఉంటుంది గానీ నేను ఫేస్ యాంగిల్ దగ్గరే ఆగిపోయా. తల కదిలితే భుజం కదులుతుంది, భుజం కదిలితే నీ మొహం తిరుగుతుంది. ఆ రోజు నుంచి కింద చూస్తూ చెవులు రిక్కించుకుని నిలబడుతున్నా.

ఏమన్నా మారిందా అంటావేమో, అతిగా ఆశపడకు. ఎనిమిదడుగుల నుంచి ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్‌లో వాళ్ళు కూడా సుమారు సగమే వేస్తారు, అది తెలిశాక పన్నెండు అడుగులది పోతే నుదురు కొట్టుకోవడం మానేశా. త్రీ పట్స్, అంటే ఒకే గ్రీన్ మీద మూడు పట్స్ పట్టడం, తగ్గాయి, అదీ లైన్ వల్ల కాదు, ఆదివారం పొద్దున గ్రీన్ మీద 20, 30, 40 అడుగుల నుంచి హోల్ పక్కన ఆపడం నేర్చుకుంటున్నా కాబట్టి. స్కేలు మీద ఇరవైకి పదమూడు. అన్నట్టు శనివారం పోయిన ఆ పట్ కోతకి ముందుది కాదు, కోతకి తర్వాతదే. నీ ఖాతాలో రాసిన 94 డాలర్లు కొట్టేసి నా ఖాతాలో వేసుకున్నా.

ఇట్లు,
నీ యజమాని అని చెప్పుకుంటున్నవాడు

తా.క.: వచ్చే శనివారం పొద్దున 7:10కి టీ టైమ్, అంటే ఆట మొదలు. నీ వెల్వెట్ కవర్ మురికిగా ఉందని అమ్మ వాషింగ్ మెషీన్‌లో వేసింది, కుంచించుకుపోయింది, నీ తల దూరట్లేదు. ఒక సైజు చిన్నదైంది, సర్దుకో.