చచ్చినా డ్యూటీ దిగని సేనాని

మా విజయనగరం జిల్లాలో పార్టీలన్నిటికీ ఒకటే బెంగ: నమ్మకమైన కార్యకర్త దొరకడం లేదు. దొరికినవాడి బండికి పెట్రోలు కొట్టించాలి, వాళ్లింట్లో పెళ్లికెళ్లి అక్షింతలు వెయ్యాలి. ఇంతా చేస్తే టికెట్ల వేళకి కండువా మారుస్తాడు. దీనికి శాశ్వత పరిష్కారం మా మేనల్లుడి కంప్యూటర్లో దొరికింది. చచ్చినవాణ్ని పెట్టుకోవడమే.

వాడాడేది ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’, 2004లో వచ్చిన ఆట. అందులో ఎల్ఫ్‌లని పొడుగు చెవుల జాతి ఒకటుంది. ఆ జాతి సేనాధిపతి సిల్వానస్‌ని ఆర్థస్ అనే యువరాజు చంపేసి, చచ్చినా వదలకుండా దెయ్యంగా లేపాడు. ఆ శాపంతోనే ఆవిడ బాన్షీ రాణి, అంటే ఆడదెయ్యాల రాణి, అయింది. ఆవిడ బతికున్న రోజుల్లో ఆవిడ కింద పనిచేసినవాడు నతానోస్. ఎల్ఫ్‌ల దళంలో రేంజర్ లార్డ్ హోదా దక్కిన ఒకే ఒక్క మనిషి. అతనూ చచ్చాడు, అతనూ లేచాడు, రిటైరైన గుమస్తా కాంట్రాక్టు మీద పాత సీటుకే వచ్చినట్టు మళ్లీ ఆవిడ కొలువులోనే చేరాడు. తిండి లేదు, నిద్ర లేదు, డీఏ బకాయిల ఊసే లేదు.

అతని ఒళ్లు మరీ శిథిలమైపోయిందని రాణిగారు కొత్త ఒళ్లు ఇప్పించారు. అందుకో రక్తసంబంధీకుడు కావాలన్నారు. చిన్నప్పటినుంచీ అన్నంటే పడిచచ్చే స్టీఫన్‌ని, వరసకు తమ్ముణ్ని, బలిచ్చేశారు. నతానోస్ కొలువు మానలేదు. మా దగ్గర తమ్ముడి ట్రాన్స్‌ఫర్ ఆపించలేదని పార్టీకి రాజీనామా పడేసినవాళ్లున్నారు. 2018లో అదే రాణి టెల్డ్రాసిల్ అనే మహావృక్షాన్ని, దాని మీదున్న ఊరితో సహా తగలబెట్టించింది. అది చూసి సౌర్‌ఫాంగ్ అనే ముసలి సేనాని సొంత పక్షానికే అడ్డం తిరిగాడు. మనవాడు మాత్రం రాణి పక్కనే నిలబడ్డాడు. ఇలాంటివాణ్ని బూత్ కమిటీలో వేసుకుంటే ఎంత నిశ్చింత! చచ్చినవాళ్లు ఓటర్ల జాబితాలో ఎలాగూ ఉంటారు, సభ్యత్వం రాయడం ఒక్కటే తరువాయి.

‘మాకు తాండ్ర పాపారాయుడు లేడా?’ అని బొబ్బిలివాళ్లు మీదకి రావచ్చు. ఉన్నాడు, కాదనను. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులూ విజయనగరం సేనా కలిసి బొబ్బిలి కోటని నాశనం చేశాయి. ఆ తర్వాత పాపారాయుడు రాత్రిపూట శత్రువుల విడిదిలో దూరి, విజయరామరాజుని గుడారంలోనే పొడిచి చంపి, తానూ ప్రాణం విడిచాడు. వీరుడే. కానీ కార్యాలయ నిబంధనల ప్రకారం చూస్తే రెండు లోపాలు. ఒకటి, పైవాళ్ల ఆర్డరు లేకుండా సొంతంగా నిర్ణయం తీసుకున్నాడు. రెండు, చచ్చాక డ్యూటీకి రాలేదు.

నతానోస్‌కి వీరుడన్న పేరు రాలేదు. 2020లో రాణి తన దారిన తను పెద్ద పనులు చక్కబెట్టుకోడానికి వెళ్లిపోతే, ఇతను పాత పొలం దగ్గరే ఉండి, వచ్చినవాళ్లతో పోరాడి, ఆ కాలిపోయిన చెట్టు జనానికి నాయకురాలైన టిరాండే చేతిలో పోయాడు. మా మేనల్లుడు హెడ్‌సెట్ తీసి, ‘ఏటి మావయ్యా, ఆడు చచ్చిపోతన్నా ఆవిడ రానేదు!’ అని బాధపడ్డాడు. నాకు బాధెందుకు? నేను అక్కడే పథకం రాసుకున్నాను.

గంటస్తంభం దగ్గర టీ కొట్లో ఈ పథకాన్ని ఓ సీనియర్ కార్యకర్తకి వివరించాను. గ్లాసు బల్ల మీద పెట్టి, శ్రద్ధగా విని, ఒకే ప్రశ్న వేశాడు.

‘అన్నీ బాగున్నాయి బాబూ. మరి ఫ్లెక్సీకి డబ్బులెవుడు కడతాడు?’

నా పథకం అక్కడ కూలిపోయింది. చచ్చిన సేనాని జీతం అడగడు, నిజమే. బతికున్న ఇతనో, ఎదురు పెట్టుబడి పెడతాడు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఫోన్లో చూపించాడు. నాయకుడు నిలువెత్తున నవ్వుతున్నాడు. కింది వరసలో, పోస్టల్ స్టాంపంత, ఎడమనుంచి మూడోది ఇతని ముఖం. ఆ మాత్రం చోటుకి భార్య గాజులు తాకట్టులో ఉన్నాయి. నేను చూస్తుండగానే షాపువాడికి బాకీ ఫోన్‌పే చేశాడు. నాయకుడు కండువా మార్చి అప్పటికి నాలుగు రోజులైంది.