డబ్బా మీద పేరు లేని ఫోనో ప్రీఆంప్ గారికి

మహారాజశ్రీ ఫోనో ప్రీఆంప్ గారికి,

రికార్డు పిన్ను పంపే బలహీనమైన సంకేతాన్ని ఆంప్లిఫైయరుకు వినబడేటట్టు పెంచే తమరికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఇక్కడ నేను కుశలంగా లేను. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారని ఈ ఉదయమే కళ్ళారా చూశాను కాబట్టి అడగవలసిన పని లేదు. ఈ ఉదయం రికార్డును తిప్పే టర్న్‌టేబుల్ బెల్టు జారకపోయి ఉంటే ఈ లేఖ పుట్టేదే కాదు. బెల్టు సంగతి దాని వరసలో మనవి చేసుకుంటాను.

తక్కువ ఖర్చుతో వినైల్, అంటే ఆ పాతకాలపు నల్ల రికార్డులు, వినడం మొదలుపెట్టాలనుకున్నవాడికి లోకమంతా కూడబలుక్కున్నట్టు ఒకే జాబితా అప్పజెబుతుంది: ఒక టర్న్‌టేబుల్, ఒక ఆంప్లిఫైయర్, ఒక జత స్పీకర్లు, కాసిని పాత రికార్డులు. ఆంప్లిఫైయరూ స్పీకర్లూ నా దగ్గర ముందే ఉన్నాయి గనుక సగం దారి నడిచేశాననుకున్నాను. దాచుకున్నదంతా టర్న్‌టేబుల్ మీద పెట్టి, మిగిలిన చిల్లరతో మూడు పాత ఎల్పీలు కొన్నాను. సూట్‌కేసు ఆకారంలో ఉండే చవక ప్లేయర్ల జోలికి పోవద్దని, వాటి సిరామిక్ కార్ట్రిడ్జ్ (పిన్నును పట్టుకుని దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే ముక్క) చాలాసార్లు 5 గ్రాముల బరువుతో రికార్డును దున్నేస్తుందని బెదిరించిన అనుభవజ్ఞులు, కదిలే అయస్కాంతంతో పనిచేసే మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ అయితే 2 గ్రాముల ప్రాంతంలో సుతారంగా నడుస్తుందని ఊరించిన ఆ అనుభవజ్ఞులే, అంతటి సుకుమారి తమరు పక్కన లేనిదే నోరు విప్పదన్న ముక్క మాత్రం మింగేశారు. సిరామిక్ కార్ట్రిడ్జ్ మోటుదే కావచ్చు, కానీ ఎవరి సిఫారసూ లేకుండా తన గొంతుతో తాను పాడుతుంది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నా గృహమున జరిగినది ఇది. పిన్నును మోసే టోన్ ఆర్మ్ వెనక బరువును ముందుకూ వెనక్కూ తిప్పుతూ, ఆ ఆర్మ్ గాలిలో సమంగా నిలబడేదాకా ఊపిరి బిగబట్టి, ముప్పావు గంట తరవాత పిన్నును రికార్డు మీద దించాను. గది నిశ్శబ్దంగా ఉంది. పిన్ను దిగిన తరవాత కూడా దాదాపు అంతే నిశ్శబ్దంగా ఉంది. చెవిని స్పీకరుకు ఆనిస్తే, గోడకు అవతల ఎవరో దుప్పటి ముసుగుపెట్టి పాడుతున్నట్టు, డ్రమ్ములను అగ్గిపుల్లలతో కొడుతున్నట్టు వినిపించింది. వైర్లు మార్చాను. రికార్డు తుడిచాను. పిన్ను అరిగిందేమోనని, అమ్మినవాడు మోసం చేశాడేమోనని, చివరికి నా చెవులకే వయసు మీద పడిందేమోనని వరసగా అనుమానించాను. వాల్యూమును తిరిగినంత మేరకూ తిప్పేశాక, ఆంప్లిఫైయర్ బతికే ఉందో లేదో చూద్దామని, ఆ వాల్యూమును తగ్గించకుండానే ఫోను తగిలించి ఉన్న ఇన్‌పుట్ మీటను నొక్కాను. ఆ తరవాత జరిగినదాన్ని సంగీతం అనలేను. మా పిల్లి రెండు రోజులపాటు ఆ గదిలో అడుగుపెట్టలేదు.

తమరి శుభనామం నాకు మొదటిసారి కనబడింది ఆ సాయంత్రమే, వాడుక పుస్తకం చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో: ఆంప్లిఫైయరుకు ఫోనో ఇన్‌పుట్ లేనిచో ప్రీఆంప్ అవసరము. డబ్బా మీద మెరిసే టోన్ ఆర్మ్ బొమ్మ వేయడానికి జానెడు చోటు దొరికినవాళ్ళకు, ఆ ఒక్క వాక్యం వేయడానికి అంగుళం దొరకలేదు.

మీరు చేసే పని చిన్నదేమీ కాదని తరవాత చదివి తెలుసుకున్నాను, ఆ మాట దాచను. సీడీ ప్లేయర్ గట్టిగా పంపితే 2 వోల్టులు పంపుతుంది. ఈ పిన్ను పంపేది 5 మిల్లీవోల్టులు, అంటే అందులో 400వ వంతు. దాన్ని మీరు సుమారు 100 రెట్లు పెంచి ఆంప్లిఫైయరుకు వినబడేటట్టు చేస్తారు. అంతటితో పోదు. బేస్‌ను, అంటే లోతైన ధ్వనులను, ఉన్నదున్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి రికార్డు మీద చోటు చాలదు కాబట్టి, చెక్కేటప్పుడు దాన్ని అణచి, సన్నని ధ్వనులను పెంచి చెక్కుతారు. 1954కు ముందు ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉండేది. ఆ ఏడాది అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఒకే లెక్కను ఖాయం చేసింది. దాన్ని తలకిందులు చేసి అసలు రూపానికి తెచ్చేది మీరే: మధ్యస్థాయితో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 10 రెట్లు పెంచుతారు, 20,000 హెర్ట్జ్ దగ్గర సుమారు 10వ వంతుకు తగ్గిస్తారు, ఆ తగ్గించడంలో రికార్డు బుసబుసలు కూడా కొంత అణగిపోతాయి. నా అగ్గిపుల్లల డ్రమ్ములకు కారణం ఇదన్నమాట. ఇంత పని చేసే మనిషి పేరు శుభలేఖలో ఎందుకు వేయరండీ?

ఒకప్పుడు మీరు ఇంటింటి ఆంప్లిఫైయరులో కాపురం ఉండేవారట. 1982లో సీడీ అమ్మకానికి వచ్చాక, ఇక రికార్డులు ఎవరు వింటారులే అని చాలామంది తయారీదారులు కాలక్రమేణా మిమ్మల్ని బయటికి పంపేశారు. అలాంటి పాత ఆంప్లిఫైయర్ ఒకటి, వెనక ఫోనో అని రాసి ఉన్నది, మా అటక మీద ఉండేది. కొత్తది వచ్చిందన్న గర్వంతో దాన్ని ఉచితంగా ఎవరికో ఇచ్చేసినవాణ్ణి నేనే. ఆ తప్పు మీ ఖాతాలో వేయను.

సరే, రెండు నెలల రికార్డుల డబ్బు పోసి ఒక చిన్న నల్ల డబ్బాగా మిమ్మల్ని కొని తెచ్చాను. కరెంటు అడాప్టరు విడిగా కొనమన్నారు, కొన్నాను. గ్రౌండు వైరు బిగించనందుకు తేనెతుట్టె కదిలినట్టు హమ్మన్నారు, బిగించాను. ఆ తరవాత పిన్ను దించినప్పుడు, మొదటి బేస్ స్వరం నేల మీది నుంచి నా అరికాళ్ళలోకి ఎక్కింది. ఆ క్షణానికి మీ మీద కోపమంతా దిగిపోయింది.

ఈ ఉదయం బెల్టు జారింది.

బెల్టు సరిచేద్దామని ప్లాటరు ఎత్తాను. దాని కింద, పెద్ద సైజు రికార్డంత పళ్ళెం మూతపెట్టి దాచిన చోట, గోరంత స్విచ్చు ఒకటి ఉంది. ఒక పక్క ఫోనో, ఇంకో పక్క లైన్. అది ఫోనో వైపు ఉంది, అంటే టర్న్‌టేబుల్ లోపలే ఉన్న ఇంకో ప్రీఆంప్ ఇన్నాళ్ళూ నిద్రపోతోందన్నమాట. లైన్ వైపు జరిపి పిన్ను దించితే లోపలున్నవాడు ఒకసారి, బయటున్నవాడు ఇంకోసారి పెంచిన ఆ గావుకేకకు పిల్లి మళ్ళీ పారిపోయింది. నల్ల డబ్బాను తీసేసి తిన్నగా ఆంప్లిఫైయరుకు కలిపాను. శుభ్రంగా పాడింది.

నువ్వు మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నావు. నేను మోకాళ్ళ మీద కూర్చుని స్పీకరుకు చెవి ఆనించినప్పుడు, నా ముక్కుకు జానెడు దూరంలో, ప్లాటరు కింద నోరు మూసుకుని కూర్చున్నావు. నాలుగు గంటల ఆదివారాన్ని, ఆరు ఎల్పీల డబ్బును తినేసి కిక్కురుమనలేదు. లోపలున్న నిన్ను వాడుకోనివ్వకుండా బయటున్న నీ తోబుట్టువును కొనిపించావు చూడు, దాన్ని ఏ నిఘంటువులోనూ సంగీతసేవ అనరు. పైగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండింటినీ పొద్దుటినుంచి మార్చి మార్చి విన్నా నా చెవికి తేడా దొరకలేదు.

అయినా ఇప్పుడు వింటున్నది నల్ల డబ్బాతోనే. డబ్బు పోసినందుకని ఇంట్లో చెప్పాను. అరికాళ్ళ సంగతి చెప్పలేదు.

ఇట్లు,
ఇద్దరు ప్రీఆంపులూ, ఒక టర్న్‌టేబులూ, మూడే మూడు రికార్డులూ గల తమ విధేయుడు